స్టెప్ షో ఎవరిది? ఒక సొరోరిటీ కేసు, మొదటి నుంచి చివరిదాకా

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఒక పెద్ద పబ్లిక్ యూనివర్సిటీలో, సొరోరిటీలూ ఫ్రటర్నిటీల వ్యవహారాలు చూసే ఆఫీసులో నేను అడ్వైజర్‌గా ఉన్నప్పుడు, నల్లజాతి సంఘాల స్టెప్ నృత్య ప్రదర్శనను తెల్ల సొరోరిటీల డాన్స్ పోటీతో కలిపేయాలనుకున్న కేసు ఇది. పేర్లన్నీ మార్చాను. ఊరు, కాలేజీ, సొరోరిటీల పేర్లు చెప్పను. గుర్తుపట్టే వీలున్న చిన్న వివరాలు కొన్ని కావాలనే అటూ ఇటూ చేశాను. అందరినీ కలుపుకుపోవాలి అనగానే అందరినీ తెచ్చి ఒకే వేదిక ఎక్కించేయాలని మా రంగంలో చాలామంది అనుకుంటారు. ఈ కేసులో అలా చేయబోయేసరికే గొడవ ముదిరింది. వేరుగా ఉండాల్సినదాన్ని వేరుగా ఉండనిచ్చాక గానీ, నిజంగా తలుపు మూసి ఉన్న చోటు ఎక్కడో కనబడలేదు. అందుకే రాసిపెడుతున్నాను.

నేపథ్యం

సొరోరిటీ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కాలేజీలో అమ్మాయిలు చేరే సంఘం అది, అబ్బాయిలదైతే ఫ్రటర్నిటీ. గ్రీకు అక్షరాలతో పేరు, జాతీయ స్థాయిలో ఒక హెడ్డాఫీసు, ఒక్కో క్యాంపస్‌లో ఒక్కో చాప్టర్, జీవితాంతం సభ్యత్వం. పాత సొరోరిటీలు, అంటే మొదట్లో తెల్ల అమ్మాయిల కోసమే పుట్టినవి, 1902లో మొదలైన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కింద ఉంటాయి. వీటికి దక్షిణాదిలో స్తంభాలూ వరండాలతో పెద్దపెద్ద భవనాలుంటాయి, అందుకే చాప్టర్‌ను ఇల్లు అని కూడా అంటాం. ఒక్కో చాప్టర్‌లో రెండు మూడు వందల మంది ఉండటం మామూలు.

వీటిలో నల్లజాతి అమ్మాయిలకు చోటు లేని రోజుల్లో వాళ్ళు సొంతంగా కట్టుకున్నవి నాలుగు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫా, 1913లో డెల్టా సిగ్మా థీటా, 1920లో జీటా ఫై బీటా. ఇండియానాపొలిస్‌లో 1922లో ఏడుగురు టీచర్లు కలిసి పెట్టుకున్నది సిగ్మా గామా రో. డెల్టాలు పుట్టిన రెండు నెలలకే, 1913 మార్చిలో, వాషింగ్టన్‌లో మహిళల ఓటు హక్కు కోసం జరిగిన ఊరేగింపులో నడిచారు. సంఘంగా వాళ్ళు బయటికొచ్చి చేసిన మొదటి పని అదే. ఈ నాలుగూ, ఐదు నల్లజాతి ఫ్రటర్నిటీలూ కలిసి ఉండే మండలి నేషనల్ పాన్-హెలెనిక్ కౌన్సిల్, 1930లో మొదలైంది. రెండు మండళ్ళ పేర్లూ దాదాపు ఒకటే కాబట్టి ఇక్కడినుంచి పెద్ద ఇళ్ళ మండలిని "పెద్ద మండలి" అనీ, రెండోదాన్ని "తొమ్మిది సంఘాల మండలి" అనీ అంటాను. కమలా హారిస్ హోవర్డ్‌లో చదివేటప్పుడు, 1986లో, చేరింది ఆల్ఫా కప్పా ఆల్ఫాలోనే. ఎన్నికలప్పుడు టీవీలో గులాబీ, ఆకుపచ్చ రంగులు వేసుకుని వచ్చిన ఆడవాళ్ళు గుర్తుండే ఉంటారు.

తలుపు మూసుకున్నప్పుడు సొంతిల్లు కట్టుకున్నది వీళ్ళు మాత్రమే కాదు. యూదు అమ్మాయిలు 1909లో ఆల్ఫా ఎప్సిలాన్ ఫై పెట్టుకున్నారు, లాస్ ఏంజెలెస్‌లో జపనీయుల కుటుంబాల అమ్మాయిలు 1920ల చివర్లో కై ఆల్ఫా డెల్టా పెట్టుకున్నారు. మనవైపు పిల్లలు చేరే దక్షిణాసియా సొరోరిటీలు బాగా తర్వాతివి. డెల్టా ఫై ఒమేగా, కప్పా ఫై గామా, సిగ్మా సిగ్మా రో, మూడూ 1998లోనే వచ్చాయి.

చేరే పద్ధతి కూడా రెండు మండళ్ళలో వేరు. పెద్ద మండలిలో ఆగస్టులో వారం పైచిలుకు "రిక్రూట్‌మెంట్" నడుస్తుంది, జనం పాత పేరుతో రష్ అనే అంటారు. అమ్మాయిలు అన్ని ఇళ్ళూ తిరుగుతారు, ప్రతి రౌండ్ తర్వాత ఇళ్ళు కొందర్ని వదిలేస్తాయి, అమ్మాయిలూ కొన్ని ఇళ్ళను వదిలేస్తారు, చివర్లో కంప్యూటర్ జత కలిపి బిడ్, అంటే చేరమనే ఆహ్వానం, ఇస్తుంది. తొమ్మిది సంఘాల పద్ధతిలో ఈ ఊరేగింపు ఉండదు. మార్కులు, సేవ, సిఫార్సులు, ఇంటర్వ్యూ చూస్తారు. ఫస్టియర్ మొదట్లోనే చేరడం చాలా చోట్ల కుదరదు. ఎవరు చేరారో చివరిదాకా బయటికి రాదు, తర్వాత ఒకరోజు కొత్త సభ్యులంతా వరుసగా నిలబడి తమను తాము క్యాంపస్‌కు పరిచయం చేసుకుంటారు. దాన్ని ప్రొబేట్ అంటారు. చదువైపోయాక చేరడానికి గ్రాడ్యుయేట్ చాప్టర్లు కూడా ఉంటాయి, నలభై ఏళ్ళ డాక్టరమ్మ కూడా చేరొచ్చు. వీళ్ళకు క్యాంపస్‌లో భవనాలు ఉండటం అరుదు. దక్షిణాది యూనివర్సిటీలు చాలావరకు 1950లు, 60ల దాకా నల్లజాతి విద్యార్థుల్నే చేర్చుకోలేదు, ఆలోగా స్థలాలన్నీ పంచేసుకోవడం అయిపోయింది.

ఇక స్టెప్. కాళ్ళతో నేలను తన్నుతూ, చేతులతో చప్పట్లు కొడుతూ, శరీరాన్నే డప్పుగా చేసుకుని చేసే బృంద నృత్యం అది, నల్లజాతి ఫ్రటర్నిటీలూ సొరోరిటీల్లో పెరిగింది. ఒక్కో సంఘానికి ఒక్కో పిలుపు, ఒక్కో చేతి గుర్తు, వరుసకట్టి నడిచే ఒక్కో స్ట్రోల్ ఉంటాయి. ఒకరి స్ట్రోల్ మధ్యలోంచి ఇంకొకరు దూరి వెళ్ళడం మహా తప్పు. బయటివాళ్ళకు డాన్సులా కనబడే ఇందులో ఎవరి అడుగు ఎవరిదన్నది సభ్యులందరికీ తెలుసు.

కేసులో ఉన్నవాళ్ళు

ముగ్గురమ్మాయిలు. రెనే, తొమ్మిది సంఘాల మండలికి ఆ ఏడాది ప్రెసిడెంటు. ఆమె చాప్టర్‌లో మొత్తం కలిపినా ఒక కారు, ఒక వ్యాను సరిపోయేంత మందే. మాయ, నల్లజాతి అమ్మాయి, కానీ చేరింది పెద్ద మండలిలోని ఒక ఇంట్లో. ఆ ఇంట్లో ఆమెలాంటివాళ్ళు ఇద్దరే. మూడో అమ్మాయి సహజ, డాలస్ పక్కన పెరిగిన తెలుగమ్మాయి, మాయ ఉన్న ఇంట్లోనే సభ్యురాలు. జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద నిరసనలు జరిగిన 2020 వేసవి తర్వాత చాలా చాప్టర్లు హడావిడిగా ఒక డైవర్సిటీ పదవి సృష్టించాయి, ఆ పదవిని ఈమెకిచ్చారు. ఎందుకిచ్చారో ఎవరూ పైకి చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

సహజ నన్ను ఆఫీసులో అందరిముందూ పేరుతోనే పిలిచేది, తలుపేసుకుని కూర్చోగానే "ఆంటీ" అనేది. వాళ్ళమ్మ ఒకసారి ఫోన్లో నన్నడిగింది: "ఏవండీ, మన ఇండియన్ పిల్లలది వేరే ఉందటగా? అందులో చేరకుండా ఈ తెల్లవాళ్ళ దాంట్లో ఎందుకు చేరిందండీ ఇది?" నేను సహజనే అడిగాను. "అక్కడికెళ్తే నువ్వు గుజరాతీవా తెలుగా అంటారు, ఇక్కడ ఇండియన్‌వా అంటారు. ఒకే ప్రశ్న ఉన్న చోటు నయమనిపించింది ఆంటీ" అంది. ఆ జవాబు నాకు తర్వాత చాలా పనికొచ్చింది. ఆ వయసులో వేరుగా ఉండాలా కలిసి ఉండాలా అన్నది సిద్ధాంతం చూసుకుని ఎవరూ తేల్చుకోరు, ఎక్కడ తక్కువ అలసట ఉంటుందో చూసుకుంటారు.

సమస్య నా దాకా ఎలా వచ్చింది

ఏటా వసంతంలో గ్రీక్ వీక్, అంటే ఈ గ్రీకు పేర్ల సంఘాల వారోత్సవం, జరుగుతుంది. అందులో పెద్ద మండలి వాళ్ళ డాన్స్ పోటీ ఒక రాత్రి. తొమ్మిది సంఘాల స్టెప్ షో దానికి సంబంధం లేకుండా ఇంకో నెలలో, వాళ్ళ సొంత కార్యక్రమంగా జరిగేది. టికెట్ డబ్బుతో స్కాలర్‌షిప్పులు ఇచ్చేవాళ్ళు. ఆ ఏడాది స్టూడెంట్ గవర్నమెంట్‌లో ఎవరికో రెండూ కలిపేసి ఒకే షో చేద్దాం, ఐక్యతకు గుర్తుగా ఉంటుంది అనిపించింది. డీన్ ఆఫీసుకు అది తెగ నచ్చింది. సహజ ఉన్న ఇల్లు వెంటనే ముందుకొచ్చి, మేం కూడా స్టెప్ చేస్తాం, మాయ మాకు నేర్పుతుంది అని రాసిచ్చింది. మాయను ఎవరూ అడగలేదు.

రెనే మండలి కుదరదంది. మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు బయటికొచ్చాయి. "కలవమని పిలిస్తే రానంటున్నారు, ఇప్పుడు ఎవరు వివక్ష చూపిస్తున్నట్టు?" అని ఒక వర్గం. "మా అమ్మమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వని ఇళ్ళు ఇవాళ మా అడుగులు కావాలంటున్నాయి" అని ఇంకో వర్గం. మాయకు రెండు వైపులనుంచీ తిట్లు. డీన్ నన్ను పిలిచి, వారంలో సర్దుబాటు చేయండి, ఒకే షో జరగాలి అన్నారు.

మొదటిసారి ముగ్గురినీ విడివిడిగా పిలిచి మాట్లాడాను. కలిపి పిలవకపోవడానికి కారణం మాయ. ఇద్దరి మధ్య కూర్చోబెడితే ఆమె ఎవరో ఒకరి తరఫున సాక్షి అయిపోతుంది, ఏం చెప్పినా ఒక వైపు పోతుంది. విడిగా కూర్చున్నప్పుడు ఆమె చెప్పింది, తనకు అసలు స్టెప్ రాదని. వాళ్ళమ్మ ఒక నల్లజాతి సొరోరిటీలో ముప్పై ఏళ్ళుగా సభ్యురాలు. కూతురు అందులో చేరకుండా ఇటు వచ్చినందుకు ఇంట్లో ఇంకా మాటల్లేవు. "అమ్మ వేసిన అడుగు వీళ్ళకు నేర్పితే ఇక ఆ ఇంటికి వెళ్ళలేను" అంది.

ఏమేం చేశారు, ఎందుకు పనిచేయలేదు

నా దాకా వచ్చేసరికే ఒక ట్రైనింగ్ అయిపోయింది. బయటినుంచి ఒక వక్తను పిలిచి, పెద్ద హాల్లో అందరినీ కూర్చోబెట్టి, వివక్ష గురించి గంటన్నర చెప్పించారు. బాగానే మాట్లాడారట. కానీ ఆ గంటన్నర తర్వాత ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోవాల్సిన అవసరం లేదు. హాల్లోంచి బయటికొచ్చాక తెల్ల అమ్మాయిలు ఏం మాట్లాడితే ఏం తప్పో అని నోరు కట్టేసుకున్నారు, నల్లజాతి అమ్మాయిలు "నీకేమనిపించింది?" అన్న ప్రశ్నకు రోజంతా జవాబులు చెప్పి విసిగిపోయారు. చేతిలో ఒక నిర్ణయం పెట్టకుండా చేసే ట్రైనింగ్ ఇంతకంటే ముందుకు వెళ్ళగా నేను చూడలేదు. (ఇప్పుడైతే ఆ ముచ్చట కూడా కొన్ని రాష్ట్రాల్లో లేదు. టెక్సాస్‌లో 2024 జనవరి నుంచి అమల్లోకొచ్చిన ఎస్‌బీ 17 చట్టం పబ్లిక్ యూనివర్సిటీల్లో డైవర్సిటీ ఆఫీసులనూ, తప్పనిసరి ట్రైనింగులనూ ఆపేసింది.)

తర్వాత డీన్ ఆఫీసు వేసిన ఉమ్మడి కమిటీ. ప్రతి మండలి నుంచీ సమానంగా సభ్యులు. కాగితం మీద ఎంత న్యాయంగా ఉందో! పెద్ద మండలికి వేల మంది అమ్మాయిలున్నారు, కమిటీకి ఎవరిని పంపినా వాళ్ళకు లోటు లేదు. రెనే వాళ్ళకు ఉన్న కొద్దిమందిలోనే ప్రెసిడెంటు, ట్రెజరర్, సేవా కార్యక్రమాలు, ఇవి కాక అందరికీ పార్ట్‌టైమ్ ఉద్యోగాలు. రెండో మీటింగుకే వాళ్ళవైపు కుర్చీలు ఖాళీ. వెంటనే "వాళ్ళకు ఆసక్తి లేదు" అని మినిట్స్‌లోకి ఎక్కింది. పైగా ఓటింగులో తెల్ల ఫ్రటర్నిటీల మండలి, పెద్ద మండలి ఒకవైపు అయితే లెక్క ముందే తేలిపోతుంది. సమాన కుర్చీలు వేయడం వల్ల బరువు సమానం కాలేదు. చిన్న సంఘం మీదే ఎక్కువ పడింది.

సహజ వాళ్ళ ఇంటి హెడ్డాఫీసు పంపిన క్షమాపణ లేఖ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఎవరికి, దేనికి అన్నది లేకుండా మొత్తం రాశారు. రెనే ఒకసారి చదివి నా టేబుల్ మీదే వదిలేసి వెళ్ళింది.

నాలుగోది కాస్త ఆలోచించాల్సిన వాదన. అదేంటంటే, స్టెప్ ఒక కళ, బాగా చేసేవాళ్ళెవరైనా చేయొచ్చు, 2010లో అట్లాంటాలో ఏం జరిగిందో చూడండి అని. ఆ ఏడాది ఫిబ్రవరిలో కోకాకోలా కంపెనీ తన స్ప్రైట్ పేరుతో జాతీయ స్థాయిలో పెట్టిన స్టెప్ ఆఫ్ పోటీ ఫైనల్లో, ఆర్కాన్సా యూనివర్సిటీ నుంచి వచ్చిన జీటా టౌ ఆల్ఫా, అంటే పెద్ద మండలికి చెందిన తెల్ల అమ్మాయిల బృందం, సొరోరిటీల్లో మొదటి బహుమతి గెలిచింది. వీడియో దేశమంతా తిరిగింది, గొడవైంది. కొద్దిరోజులకు మార్కుల లెక్కలో తేడా వచ్చిందని చెప్పి, రెండో స్థానంలో ఉన్న ఇండియానా యూనివర్సిటీ ఆల్ఫా కప్పా ఆల్ఫా బృందాన్ని కూడా ఉమ్మడి విజేతగా ప్రకటించారు, రెండు బృందాలకూ లక్ష డాలర్ల చొప్పున స్కాలర్‌షిప్పులు ఇచ్చారు.

తమాషా ఏమిటంటే మా క్యాంపస్‌లో రెండు వర్గాలూ ఇదే ఉదాహరణ తెచ్చాయి. ఆ అమ్మాయిలు అద్భుతంగా చేశారు, గెలిచారు, కళకు రంగేమిటని ఒకరు. గెలిచినవాళ్ళకు చప్పట్లు, మాకు సర్దుబాటు బహుమతి, రేపు ఇక్కడా అదేనని ఇంకొకరు. తెల్ల అమ్మాయిలు స్టెప్ చేయొచ్చా కూడదా అన్న ప్రశ్న మీద వీళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకోవచ్చు, నేను తీర్పు చెప్పడానికి నాకేం హక్కుంది? కానీ ఆ ఉదాహరణను ఇంకోలా చూస్తే నాకు దారి దొరికింది. అట్లాంటాలో వేదిక కంపెనీది. ఎవరు పాల్గొనొచ్చో కంపెనీ రూలు పెట్టింది, దాని మంచిచెడ్డలూ కంపెనీయే మోసింది. మా క్యాంపస్‌లో స్టెప్ షో వేదిక తొమ్మిది సంఘాలది. హాలు వాళ్ళు బుక్ చేస్తారు, టికెట్లు వాళ్ళమ్ముతారు, డబ్బు వాళ్ళ స్కాలర్‌షిప్పులకు వెళ్తుంది. కాబట్టి నేను తేల్చాల్సింది వేదిక ఎవరిదన్నది. అడుగు ఎవరిదన్నది కాదు. వేదిక ఎవరిదన్న దానికి జవాబు ఫైల్లో రసీదులతో సహా ఉంది.

ఏది పనిచేసింది

గొడవలో మూడు విషయాలు కలిసిపోయి ఉన్నాయి: షో, స్టెప్, ఆ ఇంట్లో మాయలాంటివాళ్ళు ఇద్దరే ఎందుకున్నారన్నది. మూడోది ఎవరూ నోరెత్తి అడగలేదు. కానీ రెనే మాటల్లో అసలు మంట దాని గురించే. మూడింటినీ విడదీసి, ఒక్కోదానికి నిర్ణయం తీసుకునే అధికారం ఎవరి చేతిలో ఉందో వాళ్ళ దగ్గరికే వెళ్ళాను.

షో విలీనం కుదరదని డీన్‌కు రాతపూర్వకంగా చెప్పాను. ఇంకొకరి నిధుల సేకరణ కార్యక్రమాన్ని మనం తీసుకుని మన ఐక్యతకు గుర్తుగా వాడుకోవడం బాగోదు, రేపు పెద్ద మండలి సేవా కార్యక్రమాన్ని ఇలాగే కలిపేస్తామంటే వాళ్ళ పూర్వ సభ్యులు లాయర్లతో వస్తారు అన్నాను. రెండో వాక్యమే పనిచేసిందని నా అనుమానం.

ఈలోగా రసీదులు చూస్తుంటే ఇంకోటి కనబడింది. స్టెప్ షోకు పోలీసు బందోబస్తు ఖర్చు, దాదాపు అంతే జనం వచ్చే పెద్ద మండలి డాన్స్ పోటీ కంటే ఎక్కువ. ఆఫీసర్లను ఎక్కువమందిని పెట్టుకోవాలని, బయటివాళ్ళు వస్తే గుర్తింపు కార్డులు చూడాలని ఎప్పుడో ఎవరో పెట్టిన షరతులు. ఎందుకు పెట్టారో ఫైల్లో లేదు. ఆ తేడా నేరుగా స్కాలర్‌షిప్ డబ్బులోంచి పోతోంది. నేనూ, కార్యక్రమాల అనుమతులు చూసే ఆఫీసూ కూర్చుని ఒకే రూలు రాశాం. ఎవరి కార్యక్రమమైనా సరే, ఎన్ని టికెట్లకు ఎంతమంది ఆఫీసర్లు అన్నది ఒకే పట్టిక. ఇది చేశాక రెనే మండలి నాతో మాట్లాడే తీరే మారిపోయింది. అంతకుముందు వచ్చిన వక్తలు, లేఖలు, కమిటీలు అన్నీ వాళ్ళను ఏదో ఒకటి ఒప్పుకోమని అడిగినవే. ఈ పట్టిక వాళ్ళను ఏమీ అడగలేదు.

స్టెప్ సంగతి మాయతో తేలింది, నాతో కాదు. ఆ ఇంటి ప్రెసిడెంటును పిలిచి ఒకటే అడిగాను: నేర్పమని మాయను అడిగారా, రెనే వాళ్ళను అడిగారా? రెండింటికీ జవాబు లేదు. మేం గౌరవంతోనే చేస్తున్నాం అంది. నిజంగానే గౌరవం ఉండొచ్చు, ఆ అమ్మాయి చెడ్డదేం కాదు. కానీ అడగకుండా తీసుకునే గౌరవం ఎదుటివాళ్ళకు ఎలా తెలుస్తుంది? మాయ తనే వాళ్ళ మీటింగులో నిలబడి, నేను నేర్పను, నన్ను జట్టులో రాయొద్దు అని చెప్పింది. తర్వాత పది నిమిషాల్లో ఆ విషయం అయిపోయింది, అదొక్కటే ఈ కేసులో సులువుగా తేలింది.

మూడోది కష్టం. చాప్టర్ ప్రైవేటు సంఘం, ఎవరికి బిడ్ ఇవ్వాలో వాళ్ళిష్టం. అమెరికాలో 1972 నాటి టైటిల్ నైన్ చట్టానికి 1974లో వచ్చిన సవరణ వల్ల వీళ్ళు అమ్మాయిల్ని మాత్రమే చేర్చుకోవచ్చు, అది ఆడామగా తేడాకు ఇచ్చిన మినహాయింపే, జాతికి కాదు. ఏ చాప్టరూ నల్లజాతివాళ్ళు వద్దని రాసుకోదు. కాబట్టి తేడా ఎక్కడ జరుగుతోందో వెతకాలి. 2013లో అలబామా యూనివర్సిటీలో జరిగింది మా అందరికీ పాఠం. మంచి మార్కులున్న ఒక నల్లజాతి అమ్మాయిని ఇళ్ళన్నీ వదిలేశాయని, కొన్నిచోట్ల చేర్చుకుందామని విద్యార్థినులే అంటున్నా పూర్వ సభ్యులు అడ్డుపడ్డారని ఆ క్యాంపస్ విద్యార్థుల పత్రిక క్రిమ్‌సన్ వైట్ రాసింది. విద్యార్థులు ఊరేగింపు తీశారు, ప్రెసిడెంటు జూడీ బోనర్ మళ్ళీ బిడ్లు తెరిపించారు. నల్లజాతి విద్యార్థుల కోసం ఆ యూనివర్సిటీ గుమ్మం తెరుచుకున్నది 1963లో. సరిగ్గా యాభై ఏళ్ళ తర్వాతి సంగతి ఇది. నాకు ఇందులో ముఖ్యమనిపించింది ఓటు వేసే గదిలో ఎవరున్నారన్నది.

మా ఆఫీసు దగ్గర రౌండు రౌండుకూ ఎవరిని ఏ ఇల్లు పిలిచిందన్న జాబితాలుంటాయి. వాటిని ముందేసుకుని చూస్తే, నల్లజాతి అమ్మాయిలు చివరిదాకా వెళ్ళి ఓడిపోవడం లేదు. మొదటి రౌండ్ తర్వాతే రాలిపోతున్నారు. చివరి రౌండ్లలో మాటామంతీ, నచ్చడం నచ్చకపోవడం ఉంటాయి. మొదటి రౌండ్ తర్వాతి కోతలో అంత సమయమే లేదు, ఒక్కో ఇల్లు వందలమందిని చూస్తుంది, ముందే వేసి ఉంచిన మార్కులతోనే తీసేస్తారు. ఆ మార్కులు వేటికి? పూర్వ సభ్యుల సిఫార్సు లేఖలకు, తల్లో అమ్మమ్మో అక్కో అదే సొరోరిటీ అయితే వచ్చే లెగసీ ప్రాధాన్యానికి, "మన ఇంటికి సరిపోతుంది" అన్న ఒక గడికి. మొదటి రెండూ చూడటానికి ఎంత అమాయకంగా ఉంటాయి! కానీ 1970లో ఎవరి అమ్మమ్మ ఆ ఇంట్లో ఉండగలిగేదో ఆలోచిస్తే లెగసీ అంటే ఏమిటో తెలిసిపోతుంది. మాయ ఎలా దాటింది? వాళ్ళ హైస్కూల్ టీచరు ఆ సొరోరిటీ పూర్వ సభ్యురాలు, లేఖ రాసింది.

ఆ ఇంటికి నేను చెప్పింది ఇంతే. మొదటి కోతలో లేఖలు, లెగసీ తీసేయండి. సరిపోతుంది అన్న గడి తీసేసి, అక్కడ ఏం చూస్తున్నారో మాటల్లో రాయండి. ఓటింగు జరిగేటప్పుడు పూర్వ సభ్యులు గదిలో ఉండొద్దు. ఏడాది మొత్తానికి అయ్యే ఖర్చు, బట్టలతో, ఫొటోలతో సహా, రష్‌కు ముందే బయట పెట్టండి. జాతి గురించి ఒక్క రూలూ అడగలేదు, అడిగుంటే లీగల్ ఆఫీసే ఆపేసేది. 2020, 2021లో చాలా జాతీయ సొరోరిటీలు లెగసీ ప్రాధాన్యాన్ని తీసేస్తున్న గాలి కూడా కలిసొచ్చింది. పూర్వ సభ్యుల్లో కొందరు విరాళాలు ఆపేస్తామన్నారు. ఒకరిద్దరు ఆపారు కూడా.

సహజ ఇక్కడ మంచి పని చేసింది. తన పదవి పేరు డైవర్సిటీ అయినా చేతిలో ఏ అధికారమూ లేదని ఆమెకు అర్థమై చాలా కాలమైంది. పోస్టర్లు చేయడం, పండగలకు శుభాకాంక్షలు పెట్టడం, మాయకు కోపమొస్తే సర్దిచెప్పడం, అదే డ్యూటీ. ఆ పదవిని వదిలేసి రిక్రూట్‌మెంట్ కమిటీలో మార్కుల పట్టిక చూసే పనికి పోటీ చేసింది, గెలిచింది. మార్కులు ఎక్కడ పడుతున్నాయో అక్కడ కూర్చుంటే తప్ప లాభం లేదని నేను అనకముందే తనే అంది. ఇప్పుడు ఇంకెవరైనా అడ్వైజర్లు నన్నడిగితే కూడా ముందు ఇదే చెప్తాను. డైవర్సిటీ పేరుతో ఉన్న పదవికి ఓటుందా, బడ్జెట్టుందా చూడండి. రెండూ లేకపోతే ఆ పిల్లను అందులోంచి బయటికి తీసుకురండి.

సహజ వాళ్ళమ్మ ఇంకోసారి ఫోన్ చేసినప్పుడు ఇదంతా విని, "మరి ఆ నల్లవాళ్ళు కూడా తమది వేరు అనే అంటున్నారుగా, మన తెలుగు సంఘాలు చీలి రెండు మూడైనట్టే కదండీ ఇదీ?" అంది. కాదమ్మా అన్నాను. మనవాళ్ళు ఒకే గదిలో కూర్చుని కుర్చీ కోసం కొట్టుకుని బయటికొచ్చారు. వీళ్ళను ఆ గదిలోకే రానివ్వలేదు. ఇప్పుడు గది తెరిచారు కాబట్టి నూరేళ్ళ నుంచి మీరు కట్టుకున్నది మూసేసి రండి అంటే ఎవరొస్తారు? వినడమైతే విన్నారు, ఒప్పుకున్నారో లేదో తెలియదు. "మాయ మాత్రం వచ్చిందిగా?" అన్నారు. ఆ ప్రశ్న మంచిదే. మాయ వచ్చింది, తన ఇష్టంతో వచ్చింది, అందుకే ఆమెకు ఆ ఇంట్లో సుఖంగా ఉండే హక్కుంది. రెనేకు ఆ ఇంటికి వెళ్ళకుండా ఉండే హక్కూ అంతే ఉంది. ఒకరి హక్కును ఇంకొకరి మీద సాక్ష్యంగా వాడటం ఆపడమే ఆ ఏడాదంతా నేను చేసిన పని.

తర్వాత

మరుసటి ఏడు ఆ ఇంట్లో చేరిన నల్లజాతి అమ్మాయిల సంఖ్య పెరిగింది, కానీ ఇంకా చేతివేళ్ళు దాటలేదు. వాళ్ళలో ఒకరు సెమిస్టర్ మధ్యలోనే మానేశారు. కారణం డబ్బు అని ఫారంలో రాసింది, నేను గుచ్చి అడగలేదు. మిగతా ఇళ్ళలో రెండు మాత్రమే మార్కుల పట్టిక మార్చుకున్నాయి, మిగిలినవి మాకు అలాంటి సమస్యే లేదన్నాయి. మాయ డిగ్రీ పూర్తయ్యేదాకా అదే ఇంట్లో ఉంది. వాళ్ళమ్మ గ్రాడ్యుయేషన్‌కు తన సొరోరిటీ రంగులు వేసుకుని వచ్చింది, ఫొటోల కోసం కూతురి ఇంటి వరండాలో నిలబడటానికి మాత్రం ఒప్పుకోలేదు. రోడ్డుకవతల చెట్టు కింద తీయించుకున్నారు.

షో విలీనం ప్రతిపాదన స్టూడెంట్ గవర్నమెంట్‌లో మళ్ళీ వచ్చింది, కొత్త పిల్లలు కదా. ఈసారి తొమ్మిది సంఘాల మండలి ఒక పేజీ జవాబు సిద్ధంగా ఉంచుకుంది: షో మాది, డబ్బు స్కాలర్‌షిప్పులది, టికెట్లు అందరికీ. అక్కడితో ఆగింది. మాయ ఇల్లు అరవై టికెట్లు ఒకేసారి కొంటాం, ముందు వరుసలు ఇవ్వండి అని అడిగింది. ముందు వరుసలు మా పూర్వ సభ్యులకు, మీకు బాల్కనీలో ఇస్తాం అని రెనే తర్వాత వచ్చిన ప్రెసిడెంటు జవాబిచ్చింది. కొన్నారు, బాల్కనీలోనే కూర్చున్నారు.